బడిలో వివక్ష: భోజనం, చీపురు, కమిటీ – చట్టం ఏం చెబుతోంది?

ప్రభుత్వ బడుల్లో విద్యా సమానత్వం అనగానే పాలకులు ప్రవేశాల లెక్కలు చూపిస్తారు. ఎంతమంది దళిత పిల్లలు చేరారో ఆ లెక్కలు చెబుతాయి. చేరిన పిల్లలు ఎక్కడ కూర్చుని తింటున్నారో, ఎవరి చేతికి చీపురు ఇస్తున్నారో చెప్పవు. వివక్ష తెలియాలంటే బడిలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడాలి. అలా చూసేటప్పుడు పనికొచ్చే చట్టాలను, ఆదేశాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

భోజనం

పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఇది మొదలైంది. అదే కేసులో 2004 ఏప్రిల్ 20న, వంటవాళ్ల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు చెప్పింది. దీన్ని ఉపాధి విషయంగా మాత్రమే చూడకూడదని మా అభిప్రాయం. దళిత మహిళ వండిన అన్నాన్ని పిల్లలంతా కలిసి తింటే అంటరానితనం మీద రోజూ దెబ్బ పడుతుంది.

అందుకే ప్రతిఘటనా ఉంటుంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన భోజనాన్ని ఆధిపత్య కులాల పిల్లలు తినలేదు. నియామకంలో నిబంధనలు పాటించలేదంటూ అధికారులు ఆమెనే తొలగించారు. దేశమంతా చర్చ జరిగాక మళ్లీ తీసుకున్నారు. కులం పేరెత్తకుండా సాంకేతిక కారణంతో తొలగించడం మన ఊళ్లలోనూ గమనించాల్సిన విషయం.

చీపురు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అణగారిన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను 8, 9 సెక్షన్లు ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. 2010 నాటి కేంద్ర నిబంధనలు ఆ చోట్లను పేరుపేరునా చెప్పాయి: తరగతి గది, మధ్యాహ్న భోజనం, ఆటస్థలం, తాగునీరు, మరుగుదొడ్లు, వాటినీ తరగతి గదులనూ శుభ్రం చేసే పని. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని సెక్షన్ 17 నిషేధించింది.

కమిటీ

సెక్షన్ 21 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మహిళలు కావాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఇవ్వాలి. కమిటీలో వాడ నుంచి ఎవరున్నారో, వాళ్లను సమావేశానికి నిజంగా పిలుస్తున్నారో లేక ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుంటున్నారో అడగాలి.

ఫిర్యాదు

సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 3 నెలల్లో తేల్చాలి. న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. బడిలోకి రాకుండా అడ్డుకోవడం, నలుగురిలో కులం పేరుతో దూషించడం, సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం లేదా విధిస్తామని బెదిరించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు.

అయితే ఫిర్యాదు చేసే తల్లి మరునాడు కూలికి వెళ్లాల్సింది తరచూ ఆ ఆసాముల పొలానికే. కాబట్టి ఒక కుటుంబాన్ని ఒంటరిగా ముందుకు నెట్టకూడదు. తేదీ, స్థలం, సాక్షుల వివరాలు రాసిపెట్టుకుని, వాడంతా కలిసి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. పిల్లల పేర్లు, ఫోటోలు మాత్రం ఎక్కడా బయటపెట్టకూడదు. రేపు కూడా వాళ్లు వెళ్లాల్సింది ఆ బడికే.