ఉద్దానం తీరాన బ్యాటరీ కథ

సంఘ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే గుళ్లు, జమీందారులు, ఉద్యమాలు గుర్తుకు రావడం సహజం. బారువకు కోటిలింగేశ్వరుని ఆలయముంది, పాత రేవు చరిత్ర ఉంది, దీపస్తంభముంది. పక్కనే మందసా జమీందారీ కథలున్నాయి. వాటిని గురించి రాసిన పెద్దలు చాలామంది ఉన్నారు. ఈసారి నేను ఇంటి మూలన మూతివిప్పకుండా కూర్చునే ఒక వస్తువును గురించి రాయదలిచాను. అదే బ్యాటరీ. పింఛను తీసుకునే మిత్రులు కలిసినప్పుడల్లా "ఇన్వర్టరుకు ఏ బ్యాటరీ వేయమంటారు?" అని అడగడం 2018 తిత్లీ తుఫాను తరువాత మన ప్రాంతంలో మామూలైపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంత వెనక్కు వెళ్లక తప్పదు.

ప్రభుత్వోద్యోగులకు "క్యాంపు" అనే మాట కొత్తది కాదు. 1985లో మండలాలు ఏర్పడక ముందు, సోంపేట తాలూకాగా ఉన్న రోజుల్లో, జమాబందీకో తుఫాను నష్టాల లెక్కకో అధికారి క్యాంపు వేస్తే ఫైళ్ల పెట్టెలతోపాటు పెట్రోమాక్సు దీపం కూడా బండెక్కేది. కిరోసిన్, గాలి కొట్టే పంపు, మాంటిల్, పిన్ను ఇవన్నీ సరిచూసుకోవలసిన బాధ్యత గుమాస్తాదే. ఇసుక గాలి తగిలితే మాంటిల్ రాలిపోయేది. అప్పుడు హరికేన్ లాంతరు వెలుగులో కరణం గారి అడంగల్ అంకెలు చదవడమంటే కంటికి పరీక్షే. కరెంటు లేని చోట మకాం వేసినప్పుడు వెలుగు ఎంతసేపు ఉంటుంది, ఎంత బరువు మోయాలి, ఎక్కడ మళ్లీ నింపుకోవాలి అన్న మూడు ప్రశ్నలు ఆనాడూ ఉన్నవే. నేడు బ్యాటరీ కొనేవాడు అడగవలసినవీ అవే.

మన ఊళ్లలోకి మొదట వచ్చిన బ్యాటరీ టార్చిలైటు సెల్లు. తోటలో జీడి పిక్కల కాపలాకు, వేకువన వలకు వెళ్లేవారికి, పాముల భయానికి అది లేనిదే గడిచేది కాదు. జింకు డబ్బా, నడుమ కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీస్ డయాక్సైడు నల్లపొడి. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే చేసిన తడి సెల్లుకు ఇది పొడి రూపం. ఎవరెడీ సెల్లు మన దేశంలో 1930ల నుండీ ఉంది. ఆ కంపెనీయే తరువాత యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగినప్పుడు, ఇంటింటా టార్చిలో ఉన్న సెల్లు పేరూ ఆ పేరూ ఒకే కంపెనీవని చాలామందికి తెలియదు. నెల్లూరులో 1972లో స్థాపించిన ఇండో నేషనల్ వారి నిప్పో సెల్లు మాత్రం మన రాష్ట్రపు సరుకే. వెలుగు తగ్గిన సెల్లును పెంకు మీద ఎండబెట్టి మరి నాలుగు రోజులు వాడుకోవడం మన పెద్దల విద్య. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది గనుక అది నిజంగానే పనిచేసేది. అయితే జింకు అరిగిపోయిన సెల్లు కారి, టార్చిని కూడా తినేసేది.

తరువాత రేడియో. విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చాయి. ట్రాన్సిస్టర్లు చవక కాకముందు కరెంటు లేని ఊళ్లలో వాల్వు రేడియోకు 90 వోల్టుల డ్రైప్యాకు కావలసి వచ్చేది. అంటే ఒకటిన్నర వోల్టు సెల్లులు అరవై వరుసగా కలిపిన మూట. అది అయిపోతే మళ్లీ కొనవలసిందే గాని నింపడానికి వీలులేదు. పంచాయతీ రేడియో దగ్గర వార్తలు కాగానే ఠక్కున కట్టేయడంలోని పిసినారితనం రేడియో నడిపేవానిది కాదు, ఆ ప్యాకుది.

మళ్లీ నింపగల బ్యాటరీని 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. సీసపు పలకలు, గంధకామ్లం. మన ప్రాంతంలో దాన్ని అందరికంటే ముందు వాడింది రైలు అని చెప్పవచ్చు. తూర్పు తీర రైలుమార్గం మన వైపు 1893-96 మధ్య వేశారు. పెట్టెల్లో విద్యుద్దీపాలు వచ్చాక వాటి ఏర్పాటు ఎంత చక్కనిదో చూడండి. చక్రపు ఇరుసుకు బెల్టు తగిలించి, పెట్టె కింద డైనమో తిప్పుతారు. బండి నడిచినంతసేపు దీపాలు వెలుగుతూ బ్యాటరీలు నిండుతాయి. ఆగినప్పుడు బ్యాటరీలే దీపాలకు ఆధారం. పలాసలో బండి గంటసేపు నిలిచిపోతే పెట్టెలో దీపాలు ఎర్రబడి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించడం ఈ పత్రిక చదివేవారందరూ ఎరిగినదే. మొదట 24 వోల్టులుగా ఉన్న ఈ ఏర్పాటు తరువాత 110 వోల్టులకు మారింది.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లివచ్చిన మన మిత్రులు కారు వెనుక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇళ్లను చూసే ఉంటారు. మంచం, వంటగది, దీపం, ఫ్యాను అన్నీ అందులోనే. అడవిలోనో చెరువు గట్టుననో, కరెంటు తీగ లేని చోట నాలుగు రోజులు మకాం వేస్తారు. అదీ మన రైలుపెట్టె సూత్రమే. కారు నడిచేటప్పుడు ఇంజను కొంత నింపుతుంది, పైకప్పు మీది సోలారు పలక కొంత నింపుతుంది, రాత్రికి బ్యాటరీయే దిక్కు. అక్కడివారు చాలాకాలం గోల్ఫు బండ్లకు వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 12 వోల్టులు చేసుకుని వాడేవారు. ఎందుకంటే వాటి పలకలు మందం. ఇక్కడే అసలు సంగతి ఉంది.

లారీ, ట్రాక్టరు బ్యాటరీ ఇంజను తిప్పడానికి చేసినది. పలుచని పలకలు ఎక్కువగా పేర్చి, కొద్ది సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చేలా తయారుచేస్తారు. దానిచేత రాత్రంతా ఫ్యాను తిప్పించి, అడుగంటా వాడి, మళ్లీ నింపితే కొద్ది నెలల్లోనే చతికిలపడుతుంది. 1987-88లో ఆదివారం ఉదయం రామాయణం సీరియల్ వేళకు కరెంటు పోతే, ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి నలుపు-తెలుపు టీవీకి తగిలించడం మన ఊళ్లలో చూసిన దృశ్యం. గంటసేపు టీవీకైతే అది ఫరవాలేదు. నిత్యం వాడకానికి మాత్రం పనికిరాదు. ఇప్పటికీ చవకగా వస్తుందని లారీ బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలించే దుకాణాలు లేకపోలేదు.

మన ఇళ్లకు సరిపోయినది ట్యూబులర్ బ్యాటరీ. అందులో పాజిటివ్ పలకను గొట్టాలుగా చేసి, మందును ఆ గొట్టాల్లో నింపుతారు. మందు రాలిపోదు గనుక లోతుగా వాడినా తట్టుకుంటుంది. ఇదీ సీసపు బ్యాటరీయే. నీళ్లు చూసుకుంటూ డిస్టిల్డ్ వాటరు పోయాలి. కుళాయి నీళ్లు, ముఖ్యంగా మన ఉద్దానం బోరు నీళ్లు, ఎంత మాత్రమూ పోయరాదు. తెలుగువారు ఈ పరిశ్రమలో వెనుకబడలేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థ 1985లో మొదలైంది. హైదరాబాదు బ్యాటరీస్ పేరుతో మొదలైన హెచ్.బి.ఎల్. వారికి మన పొరుగునే విజయనగరం జిల్లాలో కర్మాగారముంది.

బ్యాటరీలు మనకు తెలియకుండానే మనను కాచిన సందర్భాలున్నాయి. ఊరంతా చీకటైనా పాత ల్యాండ్ లైను ఫోను మోగేది. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీ గది ఉండేది, ఫోనుకు కావలసిన కరెంటు ఆ తీగలోనే వచ్చేది. ఎన్నికల విధులు చేసినవారికి మరొకటి తెలుసు. 2004 సార్వత్రిక ఎన్నికల నుండి దేశమంతటా వాడిన ఓటింగు యంత్రం బ్యాటరీతోనే నడుస్తుంది గనుక కరెంటు లేని పోలింగు కేంద్రంలోనూ పని ఆగదు.

ఇక తుఫానుల సంగతి. అక్టోబరు నెల మన తీరానికి గండం. 1999 అక్టోబరు 17న ఒకటి, 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న విశాఖపై హుద్ హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. స్తంభాలు వరుసగా పడిపోవడంతో చాలా గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగక నీళ్లు లేవు. జనరేటరు ఉన్నచోట సెల్ ఫోన్లు ఛార్జి పెట్టుకోవడానికి జనం బారులు తీరారు. కొత్త ఇన్వర్టరు ఉన్న ఇళ్లు కూడా రెండో రోజుకు చీకటిలోనే ఉన్నాయి. ఇన్వర్టరు కరెంటును దాస్తుందేగాని పుట్టించదని అప్పుడే చాలామందికి బోధపడింది.

లెక్క వేసి చూద్దాం. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఆ బ్యాటరీ మన్నాలంటే సగం మించి వాడరాదు. అంటే 900. ఇన్వర్టరు తినే భాగం పోగా చేతికి వచ్చేది సుమారు 750. పాతరకం ఫ్యానులు రెండు 150 వాట్లు, ఎల్.ఇ.డి. బల్బులు మూడు 27, ఫోను 10 కలిపితే 187 వాట్లు. నాలుగు గంటలు వస్తుంది. అదే 30 వాట్ల కొత్తరకం ఫ్యానులు పెడితే మొత్తం 97 వాట్లు, ఏడున్నర గంటలకు పైగా వస్తుంది. కాబట్టి రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చడం లాభమని నా అభిప్రాయం. బ్యాటరీ మీద రాసిన 150 అన్నది 20 గంటల్లో నెమ్మదిగా వాడితే వచ్చే అంకె అని కూడా గుర్తుంచుకోవాలి. గబగబా లాగితే అంత రాదు.

మన ప్రాంతంలో ఈ లెక్క ఊసుపోకకు వేసేది కాదు. కిడ్నీ జబ్బుల బాధ ఉద్దానానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డయాలసిస్ యంత్రం ఇంటి ఇన్వర్టరుతో నడిచేది కాదు, దానికి జనరేటరు ఉన్న కేంద్రమే శరణ్యం. తుఫాను హెచ్చరిక రాగానే వంతు ముందుకు జరపమని అడగాలి. కోవిడ్ తరువాత కొందరి ఇళ్లలో ఉన్న 5 లీటర్ల ఆక్సిజన్ యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. పైన చెప్పిన బ్యాటరీ మీద అది రెండు గంటలు నడుస్తుందంతే. అటువంటి రోగి ఉన్న ఇంట్లో నిండు సిలిండరు ఒకటి విడిగా ఉండి తీరాలి.

కొత్తగా వచ్చినది లిథియం. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. ఇళ్లకు మేలైన రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దాన్ని 1990ల నడుమ అమెరికాలో గుడ్ఎనఫ్ గారి బృందం కనుగొన్నది. ఆయనకు 2019లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి వయస్సు 97. పింఛనుదారులు సంతోషించదగిన విషయం. ఈ రకం బ్యాటరీని నూటికి ఎనభై తొంభై వంతులు వాడుకోవచ్చు. అందువల్ల 100 ఆంపియర్ అవర్ల లిథియం 150 ట్యూబులర్ కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. ట్యూబులర్ యాభై కిలోల పైమాటే, ఇద్దరు పట్టి ఎత్తాలి. లిథియం పదిహేను కిలోలలోపు. నీళ్లు పోయనక్కరలేదు, మన్నిక రెండు మూడింతలు. ధర మాత్రం ఎక్కువ. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చేయరాదు. ఆ చింత అమెరికాలో మకాం వేసేవారిది, బారువలో అది లేదు. మనం చూడవలసినది ఇన్వర్టరులో లిథియం అమరిక ఉందా లేదా అన్నది. పాత ఇన్వర్టరుకు దుకాణదారు "అదే సరిపోతుంది" అంటే కాగితం మీద రాయించుకోండి.

ఏ రకం కొన్నా, పది రోజుల చీకటికి సోలారు పలక లేనిదే లాభం లేదు. 300 వాట్ల పలక ఎండ ఉన్న రోజున సుమారు 1000 వాట్ అవర్లు ఇస్తుంది. అంటే పై ఇంటికి ఒక రాత్రి వెలుగు, గాలి. మబ్బులో చాలా తక్కువ. గాలివాన ముందు పలకను విప్పి లోపల పెట్టుకునేలా బిగించుకోవాలి. లేకపోతే జీడి చెట్టుతోపాటు అదీ పోతుంది.

మన ఉప్పుగాలికి టెర్మినళ్లకు పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. తుడిచి వాజలీను పూయాలి. ఎండతగిలే గోడ పక్కన పెట్టరాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దేవుని గూడు కింద, దీపారాధన చేసేచోట అసలే వద్దు. పాతదాన్ని సైకిలు మీద వచ్చే పాతసామానుల వాడికి ఇవ్వకండి. వాళ్లనుంచి కొన్నవారు చెరువు గట్ల మీద సీసం కరిగిస్తే ఆ విషం నీళ్లలోకి చేరుతుంది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతదాన్ని ఇచ్చి, దాని విలువ తగ్గించి రశీదు రాయించుకోండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించడం కూడా అప్పుడే.