ల్యాప్‌టాప్ రాజకీయం: కానుక నుంచి లైసెన్సు దాకా

2009 లోక్‌సభ ఎన్నికల ప్రణాళికలో సమాజ్‌వాదీ పార్టీ రెండింటిపై యుద్ధం ప్రకటించింది. ఒకటి ఇంగ్లీషు, రెండోది కంప్యూటరు. మనిషి చేతులతో చేయగల పనిని యంత్రానికి అప్పగిస్తే నిరుద్యోగం పెరుగుతుందన్నది ములాయం సింగ్ యాదవ్ పార్టీ వాదన. నాలుగేళ్లు తిరగకముందే, 2013 మార్చి 11న, ఆయన కుమారుడు, ముఖ్యమంత్రి అఖిలేశ్ యాదవ్ లక్నోలో ఇంటర్ పాసైన విద్యార్థులకు ల్యాప్‌టాప్‌ల పంపిణీ ప్రారంభించారు. ఒక్కొక్కటి 19,058 రూపాయల ధరకు 15 లక్షల యంత్రాల సరఫరా బాధ్యత హెచ్‌పీ సంస్థకు దక్కింది. మూత తెరిచి మీట నొక్కితే తెరపై తండ్రీకొడుకుల బొమ్మలు ప్రత్యక్షమయ్యేవి.

దీన్ని ఒక పార్టీ పిల్లిమొగ్గగా కొట్టిపారేయడం తేలిక. కానీ భారత రాజకీయం మొత్తం కంప్యూటరు విషయంలో వేసిన మొగ్గ ఇదే. 1960లలో కలకత్తాలో జీవిత బీమా సంస్థ కంప్యూటరును కార్మిక సంఘాలు అడ్డుకున్నాయి. బ్యాంకుల్లో యంత్రాల వాడకానికి హద్దులు గీస్తూ 1983లో యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాలు ఒప్పందం చేసుకున్నాయి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతులను సడలించింది. అయినా ఆ చర్చ అంతటా కంప్యూటరు కార్యాలయపు యంత్రమే. అది ఎవరి ఉద్యోగం తీస్తుందన్నదే ప్రశ్న తప్ప, అది ఎవరి ఇంట్లో ఉండాలన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు.

ఆ ప్రశ్నను ముందుకు తెచ్చింది 1990లలో వచ్చిన మల్టీమీడియా. సీడీ డ్రైవు, సౌండ్ కార్డు, స్పీకర్లు తోడవగానే లెక్కలు కట్టే యంత్రం పాటలు పాడింది, సినిమా చూపించింది. 1997లో భారత్ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి కంప్యూటర్లపై దిగుమతి సుంకాన్ని తొలగించింది. ల్యాప్‌టాప్ మధ్యతరగతి ఇంటికి చేరింది. పగలు ఉద్యోగ దరఖాస్తు, రాత్రి సినిమా. రెండింటికీ అదే తెర.

పేదల ఇంటికి దాన్ని చేర్చే దారులు మాత్రం మూసుకుపోతూ వచ్చాయి. నికొలస్ నెగ్రోపాంటె ప్రతిపాదించిన వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను 2006లో కేంద్ర మానవ వనరుల శాఖ తిరస్కరించింది. ఆ యంత్రం వంద డాలర్లకు ఎన్నడూ రాలేదు కాబట్టి ఆ నిర్ణయాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. అయితే అదే శాఖ 2011 అక్టోబరులో కపిల్ సిబల్ చేతుల మీదుగా ఆవిష్కరించిన ‘ఆకాశ్’ టాబ్లెట్ కూడా పేరుకు తగ్గట్టు ఆకాశంలోనే ఉండిపోయింది.

ఢిల్లీ చేయలేని పనిని చెన్నై చేసి చూపింది. 2006లో కరుణానిధి ఉచిత కలర్ టీవీ వాగ్దానంతో అధికారంలోకి వచ్చారు. 2011లో జయలలిత ల్యాప్‌టాప్ వాగ్దానంతో వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 15న, అణ్ణాదురై జయంతి నాడు, పంపిణీ మొదలైంది. ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల విద్యార్థులకు ఏటా లక్షల యంత్రాలు అందాయి. టీవీ ఇంటిల్లిపాదికీ ఇచ్చిన కాలక్షేపం. ల్యాప్‌టాప్ ఒక విద్యార్థి పేరు మీద, తరచుగా ఒక ఆడపిల్ల పేరు మీద, ఇంట్లోకి వచ్చిన ఆస్తి. ఈ తేడాను తమిళనాడు బయట చాలామంది గుర్తించలేదు.

విమర్శకులు గుర్తించింది మరొకటి. పిల్లలు పాఠాలు వదిలి సినిమాలు చూస్తున్నారని, కొందరు అమ్ముకుంటున్నారని గగ్గోలు పుట్టింది. అమ్ముకున్నవారు లేకపోలేదు. కానీ సినిమా చూడడం నేరమెలా అవుతుంది? సంపన్నుల బిడ్డ ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తే విశ్రాంతి. పేదింటి బిడ్డ చూస్తే ప్రజాధనం దుర్వినియోగం. పాట ఎక్కించుకోవడానికి యంత్రం తెరిచిన పిల్లే ఫైలు దాచడం, అక్షరాలు టైపు చేయడం, దరఖాస్తు పంపడం నేర్చుకుంటుంది. మల్టీమీడియా యంత్రం పనినీ వినోదాన్నీ వేరు చేయదు కాబట్టే అది ఇంట్లో ఇమిడిపోయింది.

టీవీలు, ల్యాప్‌టాప్‌లు కలిసి సుప్రీంకోర్టు గడప ఎక్కాయి. సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013 జూలై 5న తీర్పు వచ్చింది. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానాలు ప్రజా ప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్యలు కావని న్యాయస్థానం తేల్చింది. అయితే ప్రణాళికలపై మార్గదర్శకాలు రూపొందించాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. వాదన అంతా ఓటరు ప్రలోభం చుట్టూ తిరిగింది. ల్యాప్‌టాప్ చదువుకు పుస్తకం వంటి అవసరమా, పండుగ చీర వంటి కానుకా అన్నది తేలలేదు.

పొరుగు దేశాలదీ ఇదే కథ. పాకిస్తాన్ పంజాబ్‌లో ముఖ్యమంత్రి షాబాజ్ షరీఫ్ 2012లో విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు పంచారు. ఆయన ప్రధానిగా ఉన్న 2023లో అలాంటి పథకమే జాతీయ స్థాయిలో మళ్లీ తెరపైకి వచ్చింది. బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా 2011 అక్టోబరులో ప్రభుత్వ కర్మాగారంలో తయారైన ‘దోయెల్’ ల్యాప్‌టాప్‌ను ఆవిష్కరించారు. అది మార్కెట్లో నిలవలేదు.

కానుక స్వభావమే అది. ఇచ్చే చేతి అవసరం తీరితే కానుకా ఆగుతుంది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 80 స్థానాల్లో సమాజ్‌వాదీ పార్టీకి దక్కినవి 5. ఆ జూన్ బడ్జెట్‌లోనే ల్యాప్‌టాప్ పథకం మాయమైంది. 2021 డిసెంబరు 25న, ఎన్నికల ముంగిట, యోగీ ఆదిత్యనాథ్ లక్నోలో టాబ్లెట్లు, స్మార్ట్‌ఫోన్లు పంచారు. ఏడు నెలలు గడవకుండానే అదే రాష్ట్రంలో ప్రధాని నరేంద్ర మోదీ ‘రేవడీ’ సంస్కృతిని తూర్పారబట్టారు. తెలుగునాట 2021లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం అమ్మ ఒడి నగదుకు బదులు ల్యాప్‌టాప్ ఎంచుకోవచ్చని ప్రకటించి, చివరకు 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లతో సరిపెట్టింది.

ఈ ఊగిసలాటకు మూల్యం 2020లో తెలిసింది. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో కంప్యూటరున్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. లాక్‌డౌన్‌తో బడి తెర మీదకు మారినప్పుడు, తెర లేని ఇంటి బిడ్డకు బడే లేకుండా పోయింది. కేరళ కొంత భిన్నం. ఒకప్పుడు కంప్యూటరును వ్యతిరేకించిన వామపక్షమే అక్కడ 2018 నాటికి 45,000 తరగతి గదులను ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్లతో సిద్ధం చేసింది. అది వ్యక్తికి కానుక కాదు, బడికి సదుపాయం. కానీ బడి మూతపడితే ఆ సదుపాయమూ గదిలోనే ఉండిపోతుంది. బడి సొత్తు, ఇంటి సొత్తు రెండూ కావాలని ఆ ఏడాది చెప్పింది. ఆ కొవిడ్ కాలంలోనే తమిళనాడు పథకం కూడా ఆగింది. 2025 మార్చి బడ్జెట్‌లో గానీ స్టాలిన్ ప్రభుత్వం 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు పరికరాలిస్తామని ప్రకటించలేదు.

ఈలోగా రాజ్యం రెండో ముఖమూ కనిపించింది. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు జారీ చేసింది. ధరలు పెరుగుతాయన్న ఆందోళన రేగడంతో మరునాడే అమలును అక్టోబరు ఆఖరుకు వాయిదా వేసింది. తర్వాత అనుమతుల పద్ధతితో సరిపుచ్చుకుంది. దేశీయ తయారీని పెంచాలన్న లక్ష్యం మంచిదే. కానీ 1984లో సడలించిన లైసెన్సు ముడిని నలభై ఏళ్ల తర్వాత మళ్లీ బిగించబోయినప్పుడు, పంచనూ పంచక, కొననూ కొననివ్వకపోతే సామాన్యుడి గతేమిటన్న ప్రశ్న విధానకర్తలకు అడ్డు రాలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత ఊరికే పుట్టలేదు.

కానుకలోనూ లైసెన్సులోనూ ఉన్న ఆలోచన ఒక్కటే: యంత్రం రాజ్యానిది, పౌరుడు దాన్ని అనుగ్రహంగా పొందాలి. ఆ తెరపై నేత బొమ్మ ఉండాలో, పాఠం ఉండాలో, సినిమా ఉండాలో నిర్ణయించాల్సింది దాన్ని ఒళ్లో పెట్టుకున్న మనిషి. ఎన్నికల క్యాలెండరుతో ముడిపడకుండా, పాఠ్యపుస్తకంలా ఏటా అందే రోజున ఆ నిర్ణయం అతని చేతికి వస్తుంది.