చక్రవర్తి ప్రాయశ్చిత్తము

ప్రజలు తప్పు చేసినచో రాజు దండించును. రాజే తప్పు చేసినచో అడుగువారెవరు? ఈ ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. దండమును ధర్మము తప్పి ప్రయోగించిన రాజును ఆ దండమే చెఱచునని మన నీతిశాస్త్రకారులు ఏనాడో చెప్పియున్నారు. ఇదే ప్రశ్న క్రైస్తవులలో నెట్లు పుట్టినదో, ఎట్టి పరీక్షకు లోనైనదో, ఒక్క చరిత్ర ఘట్టము నాధారముగా గొని మనవి చేసెదను. అది క్రీ. శ. 390వ సంవత్సరమున రోమక సామ్రాజ్యమున జరిగినది.

మొదట వారి గ్రంథములు ప్రభుత్వమును గూర్చి యేమి చెప్పుచున్నవో తెలిసికొనవలయును. పౌలు అను అపొస్తలుడు రోము నగరమందలి క్రైస్తవులకు వ్రాసిన పత్రికలో, 13వ అధ్యాయమున, అధికారము దేవుని వలన గలిగినదనియు, అధికారి ప్రజల మేలు కొఱకు నియమింపబడిన దేవుని సేవకుడనియు, అతడు ఖడ్గము ధరించుట దుష్టులను శిక్షించుటకే యనియు బోధించెను. కనుక పన్నులు చెల్లించి లోబడి యుండవలయును. ఇది యొక ప్రక్క. అపొస్తలుల కార్యములను గ్రంథమున, 5వ అధ్యాయమున, తమను బోధింపవలదని శాసించిన అధికారులతో పేతురును అతని సహచరులును, మనుష్యుల యాజ్ఞ కంటె దైవాజ్ఞయే తమకు ముఖ్యమని చెప్పిరి. ఇది రెండవ ప్రక్క.

పైకి జూచిన ఈ రెండును పరస్పర విరుద్ధములుగా దోచును. నిదానించి చూచినచో విరోధము లేదు. అధికారిని సేవకుడన్నప్పుడే, అతనిపైన యజమాని యొకడున్నాడని తేలుచున్నది. యజమాని యాజ్ఞను సేవకుడు మీఱినచో, అదేమని యడుగుటకు త్రోవ యున్నది. అయితే అడుగువాడు ఎట్లడుగవలయును? దానికి యూదుల ప్రాచీన గ్రంథమున, క్రైస్తవులకును పూజ్యమైన దానిలో, ఒక కథ కలదు.

దావీదు మహారాజు తన సైనికుడైన ఊరియా భార్యను అపహరించి, ఆ ఊరియాను యుద్ధమున ముందు వరుసను నిలిపించి చంపించెను. నాతాను అను ప్రవక్త రాజు కడకు వచ్చి యొక వ్యాజ్యము చెప్పినట్లు చెప్పెను. ఒక యూర ధనికుడు, బీదవాడు నుండిరి. ధనికునకు గొఱ్ఱెల మందలు మెండు. బీదవానికి బిడ్డవలె పెంచుకొనిన గొఱ్ఱెపిల్ల యొక్కటియే. ధనికుని యింటికి అతిథి రాగా, అతడు తన మందను ముట్టక బీదవాని గొఱ్ఱెపిల్లను లాగికొని వండించెను. ఈ మాట విని రాజు మండిపడి, అట్టివాడు మరణపాత్రుడని తీర్పు చెప్పెను. ఆ ధనికుడు మఱెవ్వరో కాదు, రాజేయని ప్రవక్త తెలిపెను. దావీదు తల వంచి తన పాపము నొప్పుకొనెను. రాజు నోటనే రాజునకు తీర్పు చెప్పించిన నేర్పు ఇందున్నది. ఈ కథను జ్ఞాపకముంచుకొనవలయును. మన ఘట్టమున ఇది మరల వచ్చును.

మొదటి మూడు శతాబ్దములలో క్రైస్తవులు అధికారము లేనివారు. రోమక చక్రవర్తులలో పలువురు వారిని హింసించిరి. రాజునకు రాజధర్మము చెప్పు నవకాశము వారికి లేకుండెను. 313లో కాన్‌స్టంటైను, లిసీనియసు అను చక్రవర్తులు ఆ మతమునకు స్వేచ్ఛ నొసగిరి. 380లో థియొడోసియసు చక్రవర్తి దానినే రాజ్యమతముగా శాసించెను. నిన్నటి వఱకు చెఱసాలలో నున్నవారికి నేడు రాజు సహభక్తుడయ్యెను. కష్టకాలమున మనుష్యునకు ధైర్యము చాలును. రాజు మిత్రుడైన కాలమున ధైర్యముతోపాటు వివేకము కూడ కావలయును.

ఆ కాలమున ఇటలీ దేశమందలి మిలాను నగరమునకు అంబ్రోజు బిషప్పు. బిషప్పనగా ఆ నగరపు క్రైస్తవ సంఘమునకు పెద్ద గురువు. ఇతడు మొదట మతగురువు కాడు. తండ్రి గొప్ప రాజోద్యోగి. తానును న్యాయవాదియై, పిమ్మట మిలాను ముఖ్యపట్టణముగా గల మండలమునకు పాలకుడయ్యెను. 374లో పూర్వపు బిషప్పు చనిపోగా, క్రొత్తవానిని ఎన్నుకొనుటలో రెండు పక్షములవారు కలహింపబోయిరి. అల్లరిని ఆపుటకై అచటికి బోయిన పాలకునే బిషప్పుగా నుండుమని జనులు పట్టుబట్టిరి. అప్పటి కతడు బాప్తిస్మము కూడ పొందినవాడు కాడు. కొలది దినములలోనే బాప్తిస్మము పొంది బిషప్పయ్యెను. దండము పట్టిన చేతికి ఎట్టి శోధనలు కలుగునో అతడు స్వానుభవమున నెఱిగినవాడు.

థియొడోసియసు స్పెయిను దేశమున బుట్టిన సేనాని. 379లో చక్రవర్తి యయ్యెను. 388లో మాక్సిమసు అను ప్రతిస్పర్థిని జయించి కొంతకాలము మిలానులో నివసించెను. భక్తి గలవాడు, సమర్థుడు, కాని కోపిష్ఠి. కోపము చప్పున వచ్చును. చల్లాఱినచో దయయు అంత గొప్పగానే యుండును. 387లో అంతియొకయ నగర ప్రజలు క్రొత్త పన్నుకు కినిసి, చక్రవర్తి విగ్రహములను, అతని కుటుంబమువారి విగ్రహములను పడద్రోసిరి. అచటి వృద్ధ బిషప్పు ఫ్లావియను రాజధానికి బోయి వేడుకొనెను. స్థానికాధికారులు కొందఱ నప్పటికే శిక్షించినను, చక్రవర్తి నగరమును క్షమించెను. మనవి చేయువాడు వచ్చులోపల దినములు గడచినవి, కోపము తగ్గినది.

థెస్సలొనీకకు ఆ భాగ్యము లేకపోయెను. ఈ నగరము నేటి గ్రీసు దేశమున నున్నది. తెలుగు బైబిలులో థెస్సలొనీకయులకు వ్రాసిన పత్రికలు రెండు కలవు గదా, ఆ నగరమే యిది. 390లో అచటి సేనాధిపతి బుతెరికు అను గోతు జాతివాడు. రథపు పందెములలో పేరుమోసిన సారథి యొకనిని నీతిబాహ్యమైన నేరము నిమిత్తము అతడు చెఱసాలలో పెట్టించెను. పందెముల దినము రాగా, సారథిని విడువుమని ప్రజలు కోరిరి. సేనాధిపతి విడువననెను. అల్లరి మూకలు లేచి అతనిని చంపినవి. చంపుట ఘోరాపరాధమే, విచారించి దోషులను దండింపవలసినదే. కాని మిలానులో నున్న చక్రవర్తికి కోపము మిన్నుముట్టెను. నేరస్థులెవరో విచారింపకయే నగరముపైకి సైన్యమును పంపెను. అంబ్రోజు ముందుగనే పలుమాఱులు వలదని వేడుకొనియుండెను. పిదప చక్రవర్తి తన యాజ్ఞను మరలించుకొన జూచెను గాని కాలము మించిపోయెను.

సైనికులు జనులపై బడి, నిరపరాధులనక, ఊరికి వచ్చిన పరదేశులనక చంపిరి. మృతులు 7,000 మంది యని 5వ శతాబ్దపు చరిత్రకారుడు థియొడొరెటు వ్రాసెను. ఆ కాలమువాడే యగు సొజొమెను ఒక సంగతి చెప్పియున్నాడు. ఒక వర్తకుని కుమారు లిద్దఱు సైనికులకు చిక్కిరి. వారికి బదులు తన్ను చంపుమని తండ్రి వేడుకొనెను. తమకు విధించిన లెక్క తక్కువ గాకూడదు గాన ఒక్కనిని మాత్రము విడిచెదమనిరి. తండ్రి యిద్దఱను మార్చి మార్చి చూచుచు, ఎవరిని కోరుకొనుటకును నోరు రాక నిలిచియుండగనే ఇద్దఱును హతులైరి. విచారణ లేని దండన యెట్టిదో చెప్పుటకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఈ వార్త వినిన అంబ్రోజు ఏమి చేసెను? వీథిలో జనులను రేపలేదు. కొలువులో రాజు నవమానింపలేదు. అట్లని ఊరకుండనులేదు. అనారోగ్యమును కారణముగా జెప్పి, రాజునకు ఎదురుపడకుండ నగరము వెలుపలికి బోయి, చక్రవర్తి యొక్కడే చదువుటకై స్వహస్తముతో నొక లేఖ వ్రాసెను. ఆ లేఖ నేటికిని నిలిచియున్నది. దానిలో రాజు భక్తిని మెచ్చుకొని, అతని కోపస్వభావమును దాచక చెప్పి, దావీదు కథను ఎత్తి, దావీదు చేసిన పశ్చాత్తాపమును నీవును చేయుమని కోరెను. నీవు చేయు దనుక నీ యెదుట ప్రభుభోజన సంస్కారమును జరుపజాలనని స్పష్టముగా దెలిపెను. అతని చేత నున్న బలము అంతియే. సేన లేదు, కోట లేదు. ఇయ్యజాలనను మాట యొక్కటి యున్నది.

చక్రవర్తి లోబడెను. రాజచిహ్నములను తీసివేసి, దేవాలయమున సామాన్య పాపుల నడుమ నిలిచి, ప్రజలెల్ల జూచుచుండ కన్నీరు గార్చెను. ఆ సంవత్సరపు క్రిస్మసునాటికి అతనిని మరల సంస్కారమునకు చేర్చుకొనిరని చెప్పుదురు. అంబ్రోజు దేవాలయ ద్వారమున నిలిచి చక్రవర్తిని చేయి చాచి యడ్డగించెనను కథ మిక్కిలి ప్రసిద్ధము. రూబెన్సు, వాన్‌డైకు వంటి చిత్రకారులు దానిని చిత్రించిరి. ఈ కథ తఱువాతి తరమువారు వ్రాసినది, లేఖలో కానరాదు. నాకు ద్వారము కడ అడ్డగింపు కంటె ఏకాంత లేఖయే గొప్పదిగా దోచుచున్నది. నలుగురిలో అవమానపడిన రాజు పంతమునకు పోవును. ఏకాంతమున హితము వినిన రాజు తానై నలుగురిలోనికి వచ్చి యొప్పుకొనెను.

ఇంకొక ఫలము చట్టముగా నిలిచినది. చక్రవర్తి ఎవరికైన కఠిన దండన విధించినచో, దానిని 30 దినముల వఱకు అమలు జరుపక ఆపి, ఆ మీదట మరల ఆలోచింపవలయునని ఒక శాసనము కలదు. రెండవ థియొడోసియసు పేరిట 438లో వెలువడిన స్మృతిలో నది చేరియున్నది. అంబ్రోజు కోరికపై ఇది పుట్టెనని థియొడొరెటు వ్రాసెను. స్మృతిలో దాని తేది 382గా నున్నను, 390 అనుటయే పొసగునని పండితులు పలువురు తలచిరి. ఆలస్యము అమృతమును విషము చేయునందురు. దండన విషయమున మాత్రము ఆలస్యమే అమృతము.

ఇంతటితో ముగించినచో కథ ఇంపుగానే యుండును గాని సత్యము సగమే యగును. రెండేండ్ల ముందు, 388లో, యూఫ్రటీసు నదీతీరమందలి కల్లినికమను ఊర క్రైస్తవులు, తమ బిషప్పు ప్రేరేపణచే, యూదుల సమాజమందిరమును తగులబెట్టిరి. బిషప్పు తన ఖర్చుతో దానిని మరల కట్టింపవలయునని థియొడోసియసు తీర్పు చెప్పెను. న్యాయమైన తీర్పు. అంబ్రోజు దానికి అడ్డుపడెను. లేఖ వ్రాసెను, దేవాలయమున చక్రవర్తి యెదుటనే ప్రసంగించెను, ఆజ్ఞ రద్దగు వఱకు సంస్కారమును మొదలిడలేదు. చక్రవర్తి తలయొగ్గెను. యూదులకు న్యాయము దక్కలేదు.

ఆ మనుష్యుడే, ఆ బలమే. థెస్సలొనీక విషయమున బలహీనుల పక్షమున నిలిచినది. కల్లినికము విషయమున బలహీనులకు వ్యతిరేకముగా నిలిచినది. ఇట్టి సందేహము తఱువాతి కాలమునను వీడలేదు. 1077లో జర్మను రాజు నాలుగవ హెన్రీ, కనోసా కోట వాకిట మూడు దినములు చలిలో నిలిచి, పోపు గ్రెగొరీ క్షమాపణ కోరెను. అందఱును దీనిని థియొడోసియసు ప్రాయశ్చిత్తముతో పోల్చుదురు. కాని అచటి ముఖ్య వివాదము ప్రజల ప్రాణములను గూర్చినది కాదు. బిషప్పులను నియమించు నధికారము ఎవరిదని.

అంబ్రోజు చేత 387లో బాప్తిస్మము పొందిన అగస్టీను అను మహాపండితుడు, 426 ప్రాంతమున ముగించిన దేవనగరమను గ్రంథమున, థియొడోసియసు పశ్చాత్తాపమును కొనియాడెను. న్యాయమును తీసివేసినచో రాజ్యమునకును దొంగల గుంపునకును పరిమాణమున దక్క భేదము లేదను భావమును కూడ ఆ గ్రంథముననే వెల్లడించెను. ఈ కొలత రాజునకు ఎట్లో రాజునకు బుద్ధి చెప్పువానికిని అట్లే. మనవారికి హాని జరిగినప్పుడు న్యాయమని కేక వేసి, మనవారు హాని చేసినప్పుడు దయ యని మెల్లగా పలికినచో, అది ధర్మము కాదు, పక్షపాతము.

గ్రామములలో తగవులు తీర్చు పెద్దలకు చక్రవర్తి ఖడ్గము లేదు. అయినను ఒక కుటుంబమును వెలివేయుటకు, ఒకని తప్పునకు వాడకట్టు నంతటిని దూషించుటకు, వారి మాట చాలును. కోపమున బుట్టిన తీర్పును కొన్ని దినములాపి మరల చూడవలయును. దోషిని విచారింపక గుంపును దండింపరాదు. పెద్ద తప్పినచో ఏకాంతమున నిర్భయముగా చెప్పువా డొకడు ఊర నుండవలయును. ఆ చెప్పువాడు, తన వారి తప్పు వచ్చిన నాడును, అదే గొంతుతో చెప్పవలయును. థియొడోసియసు మొదటి మూడును నేర్చుకొనుటకు ఒక నగరము రక్తము కావలసివచ్చెను. నాలుగవది అంబ్రోజునకును కఠినమయ్యెను.