గార్డా సరస్సు: వేసవి గాలులు, అలలు
ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు గార్డా, ఆల్ప్స్ పర్వతాల పాదాల చెంత సుమారు 370 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. వేసవిలో ఇక్కడి పడవలవాళ్లకు గాలే గడియారం. తెల్లవారుజామున ఉత్తరం నుంచి ‘పెలేర్’ వీస్తుంది. రాత్రి చల్లబడిన కొండగాలి లోయ వెంట కిందికి జారడమే దీనికి మూలం. ఎండ ముదిరి కొండవాలులు వేడెక్కితే, మధ్యాహ్నం దక్షిణం నుంచి ‘ఓరా’ అందుకుంటుంది. రీవా, టోర్బోలే ఊళ్లున్న ఉత్తర కొసన సరస్సు కొండగోడల మధ్య ఇరుకైపోతుంది కనుక అక్కడ ఓరా జోరు మరీ ఎక్కువ. తెరచాప పందేలకు ఇంతకన్నా నమ్మకమైన గాలి అరుదు. అయితే అలలు పొట్టిగా, ఒకదాని వెంట ఒకటిగా లేచి చిన్న పడవలను కుదిపేస్తాయి. ఈ గాలుల వరుస నిర్మలమైన రోజులదే. ఉరుముల గాలివాన కొండల చాటునుంచి చూస్తుండగానే విరుచుకుపడుతుంది. మబ్బు కమ్ముతుంటే వెంటనే ఒడ్డు చేరాలి.