గుర్తు: కాడెద్దులు, కంకికొడవలి, కపిధ్వజం

తెలుగులో "గుర్తు" అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి చిహ్నం, రెండవది జ్ఞాపకం. కాడెద్దులు ఒకప్పుడు ఒక పార్టీ గుర్తు. ఆ కాడెద్దులు మన తాతలకు ఇంకా గుర్తు. "గుర్తుపట్టడం" అనే క్రియ ఈ రెంటినీ కలుపుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి పాతికేళ్ళలో, అంటే రమారమి 1945 నుంచి 1970 దాకా, అమెరికాలోనూ ఐరోపాలోనూ రూపకల్పన చేసినవారు ఎంతో మథనపడి చేరుకున్న సూత్రం మన ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. చూడగానే గుర్తుపట్టాలి, చూపు మరల్చుకున్నాక గుర్తుండాలి. అందుకు అక్కరకు రాని ప్రతి గీతనూ తీసివేయాలి.

పాల్ రాండ్ 1956లో ఐ.బి.ఎం. కంపెనీ అక్షరాలను దిద్దినా, 1962లో ఏ.బి.సి. టెలివిజన్ పేరును ఒక నల్లని వృత్తంలో మూడు గుండ్రని అక్షరాలుగా కుదించినా చేసినది ఇదే. సాల్ బాస్ 1955లో "ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్" సినిమా పేర్లకు కాగితం కత్తిరించినట్లుండే ఒక వంకర చేతిని వాడి, పేర్లు పడే ఆ రెండు నిమిషాలను కూడా కథలో భాగం చేశాడు. 1957లో ఇటలీ ఫియట్ 500 అనే బుజ్జి కారును చేసింది. అదే ఏట స్విట్జర్లాండులో, తర్వాత హెల్వెటికాగా లోకమంతా వ్యాపించిన అచ్చక్షరాలు పుట్టాయి. ఈ కళను మెచ్చుకునేవారు న్యూయార్కు, జూరిక్, మిలాన్ నగరాల పేర్లు చెబుతారు. అనంతపురం పేరు ఎవరూ చెప్పరు. చెప్పదగినదేనని నా వాదన.

సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ మెట్ట సీమలో ఐదేళ్ళ వ్యవధిలో ముగ్గురు పుట్టారు. 1912లో తాడిపత్రిలో కదిరి వెంకటరెడ్డి, అంటే సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి. 1913లో ఇల్లూరులో నీలం సంజీవరెడ్డి. 1917లో తరిమెలలో తరిమెల నాగిరెడ్డి. ముగ్గురిలో ఒక్కరూ చిత్రకారులు కారు. అయినా మన దేశంలో ఆధునిక చిహ్నకళ నడిచిన దారి ఈ ముగ్గురి జీవితాల గుండా పోయింది.

ముందుగా ఎన్నికల మాట. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిదిమంది. ఓటు హక్కు మాత్రం వయసు వచ్చిన ప్రతివారికీ ఇచ్చారు. చదువు రాని ఓటరు తన అభ్యర్థిని గుర్తుపట్టేది ఎలా? తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నాయకత్వంలో దొరికిన జవాబు బొమ్మ. 1951-52 ఎన్నికల్లో ప్రతి అభ్యర్థికీ వేరుగా ఒక ఉక్కు పెట్టె, పెట్టెమీద అతని గుర్తు. ఓటరు కాగితంమీద ఏమీ రాయనక్కరలేదు. మెచ్చిన గుర్తున్న పెట్టెలో దాన్ని వేస్తే చాలు. దేశమంతటా ఇటువంటి పెట్టెలు ఇరవై లక్షలకు పైగా కావలసి వచ్చాయి. గుర్తుల ఎంపికకూ నియమాలుండేవి. నిత్యజీవితంలో కనబడే వస్తువై ఉండాలి. మతభావాన్నో ఉద్వేగాన్నో రేపే ఆవు, గుడి, జాతీయపతాకం, రాట్నం వంటివి కూడదు. సోషలిస్టులకు మర్రిచెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, కాంగ్రెసుకు కాడి మోసే రెండెద్దులు, కమ్యూనిస్టులకు కంకికొడవలి దక్కాయి.

ఒక కంపెనీ లోగో విఫలమైతే సరుకు అమ్ముడుపోదు, అంతే. ఈ గుర్తు విఫలమైతే ఒక మనిషి ఓటు అతను కోరని పెట్టెలో పడుతుంది. పాల్ రాండ్‌కు ఎన్నడూ ఎదురుకానంత కఠినమైన పరీక్ష ఇది.

1952లో మద్రాసు శాసనసభకు అనంతపురం స్థానంలో కాడెద్దుల పెట్టెకూ కంకికొడవలి పెట్టెకూ పోటీ జరిగింది. ఒకదాని వెనుక సంజీవరెడ్డి, మరొకదాని వెనుక నాగిరెడ్డి. ఇద్దరూ దగ్గరి బంధువులు. గెలిచినది నాగిరెడ్డి. గుర్తును బట్టి గెలిచాడని ఎవరూ అనరు. భూమి, అప్పు, కరువు ఆ ఎన్నికలో మాట్లాడాయి. కానీ ఆ రెండు బొమ్మలనూ ఆ సీమ రైతు కంటితో ఒకసారి చూడండి. కాడి కట్టిన ఎద్దులు శ్రమకూ స్తోమతకూ చిహ్నం. కరువు వస్తే రైతు మొదట అమ్ముకునేది వాటినే. కంకి అంటే పంట చేతికి రావడం. ఆ నేలమీద ఏటేటా నమ్మలేని సంగతి. ఒకటి ఉన్నదానికి గుర్తు, రెండవది రావలసినదానికి గుర్తు. ఇంత అర్థాన్ని పలికించడానికి నేపథ్యం లేదు, రంగు లేదు, నీడ లేదు. నాలుగు నల్లగీతలు మాత్రమే.

ఈ గీతలను చదవగల కన్ను అక్కడ రాత్రికి రాత్రి పుట్టలేదు. లేపాక్షి వీరభద్రాలయంలో పదహారవ శతాబ్దపు చిత్రాలు చూసినవారికి తెలుస్తుంది. చదునైన రంగులు, ముదురు గీతతో కట్టిన అంచులు, పక్కకు తిరిగిన ముఖాలు. దూరం నుంచే ఎవరేమిటో తెలిసిపోతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవారిది మరో పాఠం. తెరమీద బొమ్మ పలకకముందే దాని అంచు ఆకారాన్ని బట్టీ రంగును బట్టీ రాముడెవరో రావణుడెవరో పిల్లలు చెప్పేస్తారు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. సాల్ బాస్ కత్తిరించిన కాగితపు చేతిని నిమ్మలకుంట ముసలమ్మకు చూపితే ఆమె ఆశ్చర్యపడదు. బొమ్మకు కీళ్ళెక్కడున్నాయని అడుగుతుంది.

చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఈ దేశంలో తాము చూసి మెచ్చినవాటిలో చెంబును మిన్నగా ఎంచారు. ఎన్నో తరాల చేతులు దిద్దిన రూపం అది. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. అప్పటికే 1957లో వచ్చిన నయాపైసల నాణేలు అదే బుద్ధితో తయారయ్యాయి. ఐదు పైసలు చదరం, పది పైసలు అంచులు వంపులు తిరిగిన బిళ్ళ. అంకె చదవలేని చెయ్యి కూడా సంచిలో తడిమి విలువ తెలుసుకోగలదు.

ఇక సినిమా. తాడిపత్రి నుంచి మద్రాసు చేరిన కె.వి. రెడ్డి విజయావారికి "పాతాళభైరవి" (1951), "మాయాబజార్" (1957) తీశారు. ఆ సంస్థ చిహ్నం జెండాపై కపిరాజు. విజయుడంటే అర్జునుడు, అర్జునుడి రథంమీద ఉండేది కపిధ్వజం. సంస్థ పేరును అక్షరాలతో పనిలేకుండా బొమ్మగా పలికిన ఈ యుక్తి ఏ అమెరికా కంపెనీ లోగోకూ తీసిపోదు. భారతం విన్నవాడు ఎవడైనా, సంతకం పెట్టడం రాకున్నా, ఆ జెండాను చదువుతాడు. "మాయాబజార్"కు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. దృశ్యం ఎన్ని నిమిషాలుండాలో గడియారం పెట్టి లెక్కకట్టిన దర్శకుడు కె.వి. అనవసరమైనదాన్ని ముందే తీసివేయడం ఆయన పద్ధతి. ఈ పొదుపు గీతలో ఉంటే రూపకల్పన అంటాం, కాలంలో ఉంటే దర్శకత్వం అంటాం. రెండూ ఒకే గుణం.

అయితే పేర్లు పడేటప్పటి అక్షరాల సంగతిలో తెలుగుకు ఒక చిక్కు ఉంది. రోమను లిపిని స్కేలుకూ వృత్తలేఖినికీ ఒప్పించవచ్చు. మన లిపి ఒప్పుకోదు. పైన తలకట్టు, పక్కన కొమ్ము, కింద వత్తు. అక్షరం నిలువునా మూడంతస్తులు. దాన్ని గీతల గదిలో బంధిస్తే ఊపిరాడదు. కనుక తెలుగులో ఆధునికత కుంచె ద్వారా వచ్చింది. బాపు చేతిరాత అందుకు సాక్ష్యం. ఆ అక్షరాలు వంపులను వదలుకోకుండానే బరువును వదలుకున్నాయి. ఆయన తొలి చిత్రం "సాక్షి" (1967)తోనే పోస్టర్ల చిత్రకారుడు ఈశ్వర్ కూడా ఆ రంగంలో అడుగుపెట్టారు. తర్వాత తన వృత్తి చరిత్రను "సినిమా పోస్టర్" అనే గ్రంథంగా రాసి మనకు మిగిల్చి, 2021లో కన్నుమూశారు. ఆ పుస్తకమే లేకపోతే గోడలమీద చిరిగిపోయిన ఆ కళకు ఆనవాలు ఎంత మిగిలేదో ఊహించండి.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. మెచ్చుకోలు నిజాయితీగా ఉండాలంటే రెండవ పక్కను కూడా చెప్పాలి. 1960ల చివర దీప్ త్యాగి వంటి అధికారుల చొరవతో కుటుంబ నియంత్రణకు తలకిందుల ఎర్ర త్రికోణం గుర్తుగా వచ్చింది. దాని పక్కన నాలుగు నవ్వుముఖాలు: అమ్మ, నాన్న, కొడుకు, కూతురు. గుర్తుగా చూస్తే దానికి వంక పెట్టలేము. ఏ పల్లె గోడమీదనైనా, ఏ పెయింటరైనా, ఒక రంగుతో వేయగలడు. కానీ 1975-77 అత్యవసర పరిస్థితిలో దేశంలో అనేకచోట్ల బలవంతపు ఆపరేషన్లు జరిగాక అదే త్రికోణం భయానికి గుర్తయింది. గీత మారలేదు, అర్థం మారింది. మంచి గుర్తు మంచిపనికే పోతుందన్న హామీ లేదు. అది ఏ పనికి పోయినా బలంగా పనిచేస్తుంది.

కాడెద్దుల ముగింపు మరింత విచిత్రం. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అధికారిక అభ్యర్థి ఇల్లూరు సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మద్దతు వి.వి. గిరికి పోయింది. ఆగస్టులో గిరి గెలిచారు, నవంబరులో పార్టీ చీలింది. గుర్తు ఎవరిదన్న వివాదం న్యాయస్థానానికెక్కింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో కాడెద్దులు ఏ వర్గానికీ దక్కలేదు. ఒకరికి ఆవుదూడ, మరొకరికి రాట్నం తిప్పే స్త్రీ. తొలి ఎన్నికల్లో కూడదన్న ఆవూ రాట్నమూ రెండూ ఇరవయ్యేళ్ళకు పెట్టెలెక్కాయన్నమాట. 1952లో ఏ గుర్తుతో నిలిచి సంజీవరెడ్డి ఓడారో ఆ గుర్తే, ఆయన మరో ఓటమితో, దేశరాజకీయాల నుంచి తప్పుకుంది. 1977లో ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎద్దులు మాత్రం తిరిగి రాలేదు.

మిగిలినది కారు. 1957-58లో ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులతో మన దేశంలో మొదలైన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. దాని పేరు చదివి గుర్తుపట్టినవారు తక్కువ. గుండ్రని దీపాలు, ఉబ్బిన బుగ్గలు, పైకప్పు వంపు. కారే దాని లోగో. మార్క్ 2, మార్క్ 3 అని కంపెనీ ఎన్ని తెచ్చినా ప్రధానంగా మారింది ముందరి జాలీ, మారనిది ముఖం. తెల్ల అంబాసిడర్ పల్లెలోకి వస్తే అధికారో నాయకుడో వచ్చాడని పిల్లలకు కూడా తెలిసేది. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ది ఇటలీ శిల్పి మికెలోట్టి గీసిన చురుకైన రూపం. రెండూ దూరం నుంచే వేరువేరుగా తెలిసేవి.

నేడు అనంతపురం సీమ స్వయంగా కార్లు చేస్తోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో సెల్టోస్ కారుతో విపణిలోకి వచ్చింది. 2022 నుంచి ఆ ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది. 2021లో ఆ కంపెనీ తన లోగోను మార్చి మూడక్షరాలను ఒకే గీతగా కలిపింది. చూడ సొంపుగానే ఉంది. కానీ దాన్ని "కె ఎన్" అని చదివి, అదే పేరుతో అంతర్జాలంలో వెతికినవారు లోకమంతటా ఉన్నారు. చదువు వచ్చినవారే చదవలేని గుర్తు అది. 1952 నాటి పెట్టెమీద దాన్ని అంటించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నడిమి శతాబ్దపు రూపకళను నేడు మెచ్చుకునేవారు దాని అందాన్ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది దాని మర్యాదను. చదువు రాని మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, "ఇతనికి తెలియకపోతే తప్పు నాది" అనుకుని గీసిన గీత అది. ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండి 1992లో విరమించిన ఎం.ఎస్. సేఠీ పెన్సిలుతో గీసిన ఎన్నో వస్తువులు ఆ తర్వాత కూడా ఓటు యంత్రాలమీద నిలిచాయి. ఆయన పేరు ఓటర్లకు తెలియదు. తెలియవలసిన అవసరం లేకుండానే ఆయన బొమ్మ పనిచేసింది.

చదువరులకు ఒక్క మనవి. మీ ఊళ్ళలో పాత గోడలమీద, మూతబడ్డ సినిమాహాళ్ళ ముఖాలమీద, సున్నం పొర ఊడినచోట ఇటువంటి గుర్తులు ఇంకా కనబడుతూ ఉంటాయి. ఎర్ర త్రికోణం కావచ్చు, ఆవుదూడ కావచ్చు, ఏ అజ్ఞాత పెయింటరో కుంచెతో తిప్పిన "టాకీసు" అనే అక్షరాలు కావచ్చు. మళ్ళీ సున్నం వేయకముందే ఒక ఛాయాచిత్రం తీసి, ఊరి పేరు, తేదీ రాసి దాచండి. గుర్తు పోతే గుర్తు కూడా పోతుంది.