తాత బాయిల డైనోసార్ ఎందుకు దొరకలేదు?

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్న నుంచి పుట్టింది. ప్రశ్న నాది కాదు, మా అక్క బిడ్డది. రెండో క్లాస్ చదువుతది.

మొన్న సెలవుల్లో దాన్ని, దాని తమ్ముణ్ణి తీసుకుని పొద్దుగాల రామగుండంలో భాగ్యనగర్ ఎక్కినం. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్ పక్కన ఉన్న సైన్స్ మ్యూజియం చూపించి రాత్రికి తిరిగి రావాలని ప్లాన్. నాన్న కూడా వస్తా అన్నడు. ముప్పై ఏళ్ళు గోదావరిఖని బాయిల్లో దిగి రిటైర్ అయిన మనిషి. మ్యూజియం అనేది ఆయన కూడా మొదటిసారి చూసుడే.

చిన్న పిల్లలతో మ్యూజియం అంటే మీకు తెలుసు కదా. సగం టైమ్ వాటర్ బాటిల్‌కి, సగం బాత్రూమ్‌కి. కానీ డైనోసారియం హాల్లోకి పోంగనే ఇద్దరూ గప్‌చుప్. ఎదురుగా ఓ పెద్ద అస్థిపంజరం. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి! ఆ పేరులో ఉన్నది మన ప్రాణహిత–గోదావరి లోయలోని ఊరు. అంటే మేము రెండు వందల కిలోమీటర్లకు పైగా రైల్లో పోయి చూసింది, మా ఇంటికి హైదరాబాద్ కంటే చాలా దగ్గర్లో దొరికిన జంతువునే.

ఇది చెప్పంగనే పాప తాత దిక్కు తిరిగింది. "తాతా, మరి నీ బాయిల ఇట్లాంటి బొక్కలు దొరకలేదా?"

నాన్న నవ్విండు. "మాకు బొగ్గే దొరికింది బిడ్డా."

"ఎందుకు?"

నాన్న నా దిక్కు చూసిండు. బీటెక్ చదివినోణ్ణి కదా, చెప్తా అనుకున్నడు. నాకేం తెలుసు? ఇంటికొచ్చినంక కూర్చుని చదివిన. ఇప్పుడు చెప్తా.

కథ 1871లో మొదలైతది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. ఇల్లందు దగ్గరి సింగరేణి అనే ఊరి పేరే తర్వాత, 1920లో, కంపెనీ పేరైంది. బొగ్గు పొరల్లో ఒకదానికి ఇప్పటికీ 'కింగ్ సీమ్' అనే పేరుంది. మన రామగుండం సీములకు మాత్రం ఉట్టి నంబర్లే.

చాలామందికి తెలియనిది ఏంటంటే, ఆ కింగ్ బొగ్గు చూసి ఆగిపోలేదు. ఈ లోయ మొత్తం తిరిగి, ఏ రాయి మీద ఏ రాయి ఉందో రాసి, 1881లో ఒక పెద్ద రిపోర్ట్ అచ్చేయించిండు. బొగ్గు రాళ్ళు కింద, వాటి మీద వేరే రాళ్ళు, ఇంకా పైన ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరుతో పిలిచే రాళ్ళు. ఆ కోట రాళ్ళల్లో చేపల శిలాజాలు దొరుకుతయని అంతకు ముందే, 1850ల నుంచే తెలుసు.

పాప ప్రశ్నకు జవాబు ఈ వరుసలోనే ఉంది. మన బొగ్గు పెర్మియన్ కాలంది, 25 కోట్ల ఏళ్ళకంటే పాతది. అప్పటికి భూమి మీద డైనోసార్లు పుట్టనే లేదు. కోటాసారస్ జురాసిక్ కాలంది, సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటిది. నడుమ ఏడెనిమిది కోట్ల ఏళ్ళ గ్యాప్. తాత బాయిల డైనోసార్‌ను వెతకడమంటే, మీ ముత్తాత పెళ్లి ఫోటోలో మీరెక్కడున్నరని వెతకడం లాంటిది.

ఇంకో సంగతి. ఈ లోయలో పొరలు చాపలాగా సమంగా పరిచి లేవు, ఒక దిక్కుకు వాలి ఉన్నయి. మన గోదావరిఖని దిక్కు పాత పొరలు పైకి తేలినయి, అందుకే ఇక్కడ బొగ్గు అందింది. ఈశాన్యంగా ప్రాణహిత దిక్కు పోతుంటే కొత్త పొరలు కనిపిస్తయి, అందుకే బొక్కలు అక్కడ.

ఆ బొక్కల కథ కూడా పెద్దదే. 1958 నుంచి 1961 దాకా కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పోచంపల్లి దగ్గర తవ్విండ్రు. చీరల పోచంపల్లి కాదు, ప్రాణహిత–గోదావరి దిక్కుది. సుమారు 300 ఎముకలు దొరికినయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, మా పాప కంటే చాలా పొడుగు! అందుకే 'బారాపా', పెద్ద కాలు అన్నరు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడు కాబట్టి బారాపాసారస్ టాగోరై అయింది. ఇప్పుడు అది కలకత్తాలో నిలబడి ఉంది.

1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళకు ఇంకో గుట్ట దొరికింది. కనీసం 12 జంతువులవి, 840 ఎముక భాగాలు. వాటిని చదివి 1988లో పేరు పెట్టిన శాస్త్రవేత్త పి. యాదగిరి. మన కాలనీల గల్లీకొక యాదగిరి ఉంటడు కదా, ఆ పేరు వినంగనే నాకు భలే సంతోషమనిపించింది. ఇంకో మాట, పిల్లలకు తప్పకుండా చెప్పండి: ఆ 840లో పుర్రె లేదు. తల నుంచి రెండు పళ్ళు మాత్రమే దొరికినయి. మ్యూజియంలో మీరు చూసే తల మిగతా డైనోసార్లను చూసి అంచనాతో చేసింది. మా బాబుకు ఈ ముక్క తెగ నచ్చింది. "మరి తల ఏడవడ్డది?" అని ఇప్పటికీ అడుగుతుండు.

సరే, డైనోసార్లు లేని ఆ కాలంలో మన దగ్గర ఏముండె? అడవి. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు. నాలుక లాంటి ఆకు, నడుమ ఒక ఈనె, రెండు దిక్కులా జాలీ. ఆ అడవి బురదలో కూలి, కూరుకుపోయి బొగ్గైంది. అదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికితే, వాటిలో ఈ ఆకు ముద్రలున్నయి. ఆకలితో, చలితో చస్తూ కూడా వాటిని పారేయలేదు వాళ్ళు. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పడానికి ఆ ఆకు పెద్ద సాక్ష్యమైంది. ఆ పాత మహాఖండానికి పేరేంటో తెలుసా? గోండ్వానా. మన గోండుల పేరు.

ఇదంతా చదివినంక, గ్లోసోప్టెరిస్ ఫోటో ఒకటి ఫోన్‌లో పెద్దగ చేసి నాన్నకు చూపించిన. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసిండు.

"ఇదా? ఇవి మస్తు చూసిన. బొగ్గు నడుమ మెత్తటి నల్లరాయి వస్తది కదా, అది పగిలితే లోపల ఇట్లనే ఆకులు. ల్యాంప్ వెలుగుకు మెరుస్తుండె."

"మరి ఏం చేసేటోళ్ళు?"

"ఏం చేస్తం? అది బొగ్గు కాదు కదా. పక్కకు పారేస్తుంటిమి."

పాప ఊరుకుంటదా? "తాతా, ఒక్కటన్న తేవద్దా నాకు?" అని అలిగింది. ఆమె పుట్టక ముందే ఆయన రిటైర్ అయిండని చెప్పినా వినలేదు. ఇప్పుడు మా కాలనీ రోడ్డు మీద నల్లరాయి కనిపిస్తే చాలు, ఇద్దరూ కూర్చుని పగలగొడుతున్నరు. నాన్న సుత్తె పట్టుకుని పక్కనే ఉంటుండు.