వకీలు వాదనకు పూచీకత్తు

1921 నాటి పల్నాడులో రైతు తన గొడ్డును అడవిలోకి తోలాలంటే తలకింత చొప్పున సర్కారుకు పుల్లరి కట్టాలి. కట్టకుండా తోలితే అటవీ సిబ్బంది దాన్ని పట్టి బందెలదొడ్డిలో పెట్టేవారు. విడిపించుకోవాలంటే మళ్లీ సొమ్ము. వాన నమ్మకం లేని ఆ రాతినేలల్లో పశువుల మేతకు నల్లమల అంచునున్న అడవే దిక్కు. తాతల నాటి నుంచి తమదనుకున్న ఆ అడవి 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు ఫారెస్టు అయింది. సహాయ నిరాకరణ గాలి వీచేసరికి పల్నాడు ఊళ్లు పుల్లరి కట్టబోమని తెగేసి చెప్పాయి, అటవీ ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించాయి. సంగతి తెలుసుకుని రమ్మని గుంటూరు జిల్లా కాంగ్రెస్ ఇద్దరిని పంపింది. ఒకరు మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు. రెండోవారు ఉన్నవ లక్ష్మీనారాయణ. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో 1877లో పుట్టి, ఐర్లండు వెళ్లి బారిస్టరై వచ్చినవాడు. సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇవ్వాలని అధికారులు ఇద్దరినీ అడిగారు. ఇద్దరూ ఇవ్వమన్నారు. ఏడాది జైలు పడింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. జైల్లో ఉన్నవ రాసిన 'మాలపల్లి' నవలను మద్రాసు ప్రభుత్వం ఆ తర్వాత నిషేధించింది.

పల్నాడు కథలో హనుమంతు త్యాగం గురించి మనం చాలానే చెప్పుకుంటాం. పూచీకత్తు సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. నిజానికి ఆలోచించాల్సింది అక్కడే. పూచీకత్తు అడగడానికి నేరం చేసినట్టు రుజువు అక్కర్లేదు. రేపు ఏం మాట్లాడతావో, ఎవరి పక్షాన నిలబడతావో అన్న అనుమానం చాలు. రైతు కష్టం విని దానికి చట్టం భాషలో రూపమివ్వగల మనిషి ఊళ్లో అడుగుపెట్టడమే పాలకుల దృష్టిలో ప్రమాదం. ఉన్నవను దండించింది మేజిస్ట్రేటు అధికారం, న్యాయవాద వృత్తి నియమం కాదు. కానీ అదే రోజుల్లో అదే తర్కం వకీళ్ల సన్నదు, అంటే వృత్తి చేసే అనుమతి, మీదికీ వచ్చింది. అప్పటి నుంచి ఈనాటి దాకా అది పూర్తిగా పోలేదు. ఒక న్యాయవాది చేసిన వాదన రాజకీయంగా కొరుకుడుపడనిదైనంత మాత్రాన అతని వృత్తి మీద చెయ్యి వేయవచ్చా? వేయకూడదు. ఈ సమాధానం మనకు నచ్చిన వకీలుకే కాదు, మనం అసహ్యించుకునే వకీలుకూ వర్తించాలి.

సన్నదు ఎవరి చేతిలో ఉండేది?

1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద తాలూకా కోర్టుల ప్లీడర్ల బతుకు జడ్జీల దయ మీద ఆధారపడి ఉండేది. కింది కోర్టు విచారించి నివేదిక పంపితే హైకోర్టు సస్పెండ్ చేయవచ్చు, పేరు కొట్టివేయవచ్చు. ఏయే తప్పులకు అన్నది చట్టం వరుసగా చెప్పి, చివర 'మరే ఇతర సముచిత కారణం వల్లనైనా' అని ఒక తలుపు బార్లా తెరిచి ఉంచింది. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా అహ్మదాబాదులో కొందరు న్యాయవాదులు సత్యాగ్రహ ప్రతిజ్ఞపై సంతకం చేస్తే, జిల్లా జడ్జి కెనడీ బొంబాయి హైకోర్టుకు ఫిర్యాదు రాశారు. చట్టాన్ని ధిక్కరిస్తామని ప్రతిజ్ఞ చేసినవారు చట్టం సేవలో ఎలా ఉంటారన్నది ఆరోపణ. హైకోర్టు వారిని హెచ్చరించి వదిలింది. జడ్జి రాసిన ఆ లేఖను 'యంగ్ ఇండియా'లో అచ్చువేసినందుకు గాంధీజీ మీద కోర్టు ధిక్కారం నడిచింది. 1922 మార్చిలో రాజద్రోహం కింద ఆయనకు ఆరేళ్ల శిక్ష పడింది. ఆ ఏడాది నవంబరులో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ బారిస్టర్ల జాబితా నుంచి ఆయన పేరు తీసేసింది. 1988లో తిరిగి చేర్చింది. అప్పటికి గాంధీజీ పోయి నలభై ఏళ్లు. పేరు కొట్టేయడానికి కొన్ని నెలలు పట్టింది, తప్పు దిద్దుకోవడానికి అరవై ఆరేళ్లు పట్టింది. వృత్తి సంస్థలు కాలం వేడిలో ఇచ్చే తీర్పుల మీద మనకు అనుమానం ఉండాలంటే ఈ లెక్క ఒక్కటి చాలు.

అది పరాయి పాలన, ఇప్పుడు మన రాజ్యాంగం ఉంది కదా అని కొందరంటారు. రాజ్యాంగం వచ్చాక తెలుగునాట ఏం జరిగిందో చూద్దాం. పిడుగురాళ్లకు దగ్గర్లోని గుత్తికొండ బిలంలో 1969లో నక్సలైటు నాయకుడు చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో సమావేశమయ్యాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం నుంచి నల్లమల దాకా 'ఎన్‌కౌంటర్' అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ఎమర్జెన్సీ ముగిసిన 1977లో తార్కుండే కమిటీ, భార్గవ కమిషన్ ఈ చావుల సంగతి తేల్చడానికి పూనుకున్నప్పుడు పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ముందు నిలిచారు. ఆయన, ఆ తర్వాత మరో పౌరహక్కుల న్యాయవాది బాలగోపాల్ చేసిన వాదన చిన్నదే. పోలీసు తూటాకు మనిషి చనిపోతే అది హత్య కేసుగానే నమోదు కావాలి. ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది పోలీసులు కోర్టులో రుజువు చేసుకోవాల్సిన మాటే కానీ ఎఫ్‌ఐఆర్‌లోనే తేల్చేసుకునే మాట కాదు. దీనికి వారికి దక్కిన బిరుదు 'నక్సలైట్ల వకీళ్లు'. కొందరికి దక్కింది బిరుదు మాత్రమే కాదు. న్యాయవాదులూ పౌరహక్కుల కార్యకర్తలూ అయిన నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991లో వరంగల్‌లో, పురుషోత్తంను 2000లో హైదరాబాదులో చంపేశారు.

ఆ వాదన మాత్రం చావలేదు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట చెప్పింది. ఎన్‌కౌంటర్ మరణంపై కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేలాలి అంది. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపినా, 2014లో తానే ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 1977లో రాజ్యానికి ద్రోహంలా వినిపించిన వాదన ముప్పై ఏళ్లు దాటాక న్యాయస్థానం మాటైంది. నడుమ ఎప్పుడో 'రాజకీయంగా ప్రమాదకరమైన వాదన' అని సన్నదులు రద్దు చేసి ఉంటే నష్టపోయేది ఇద్దరు ముగ్గురు వకీళ్లు కాదు, చట్టమే. చట్టం పెరిగేది ఓడిపోయిన వాదనల మీద. ఈరోజు ఓడిన వాదన రికార్డులో ఉంటేనే రేపటి న్యాయమూర్తి దాన్ని చేతికందుకోగలడు.

నచ్చని వాదన సంగతేమిటి?

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలిక. మనం గౌరవించే మనుషుల పేర్లే చెప్పుకున్నాం. సూత్రం నిలుస్తుందో లేదో తేలేది ఎదుటి పక్షం వకీలు దగ్గర. 1976లో ఎమర్జెన్సీ నిర్బంధాలపై హెబియస్ కార్పస్ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు అటార్నీ జనరల్ నిరేన్ డే ప్రభుత్వం తరఫున వాదించారు. ఎవరైనా పోలీసు అధికారి సొంత కక్షతో మనిషిని చంపినా ఇప్పుడు కోర్టులో దిక్కు లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే డే జవాబిచ్చారు. స్వతంత్ర భారతంలో ఒక న్యాయవాది నోటి నుంచి వచ్చిన వాదనల్లో ఇంతకంటే భయంకరమైనది అరుదు. నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకున్నారు, ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరి నిరేన్ డేను బార్ నుంచి వెలివేయాల్సిందా? అక్కర్లేదు. ఆ మాట బహిరంగ న్యాయస్థానంలో, ఎదుటి వకీళ్ల ముందు, అడిగిన ప్రశ్నకు సూటి జవాబుగా వచ్చింది. అందుకే ప్రభుత్వం నిజంగా ఏం కోరుతోందో దేశానికి తెలిసిపోయింది. 1978లో 44వ రాజ్యాంగ సవరణ, ఎమర్జెన్సీలో సైతం జీవించే హక్కును తొలగించరాదని రాసింది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు పాత తీర్పును కొట్టివేసింది. శిక్షకు భయపడి డే ఆ జవాబును మెత్తని మాటల్లో దాచి ఉంటే, అధికారం అదే పని చేసేది. మనకు మాత్రం తెలిసేది కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. వాదన పేరుతో అబద్ధాలు చెప్పి, ఎన్నికల ఫలితాలనే తారుమారు చేయాలని చూస్తే? అమెరికాలో 2020 ఎన్నికల తర్వాత జరిగింది ఇదే. ట్రంప్ వకీలు రూడీ జూలియానీ సన్నదును న్యూయార్క్ కోర్టు 2024లో రద్దు చేసింది. కారణం ఆయన రాజకీయం కాదు. ఎన్నికల గురించి అబద్ధమని తెలిసిన సంగతులను కోర్టులకూ ప్రజలకూ నిజాలుగా చెప్పడం. గీత అక్కడే ఉంది. 'చట్టానికి ఈ అర్థం చెప్పాలి' అనడం వాదన. తప్పైతే తీర్పుతో ఓడించాలి. 'ఇది జరిగింది' అని జరగనిదాన్ని చెప్పడం మోసం. కాగితాలు సృష్టించడం, సాక్షిని బెదిరించడం, కక్షిదారు సొమ్ము తినేయడం కూడా అంతే. వాటికి శిక్ష పడాల్సిందే, ఆ వకీలు ఏ పార్టీవాడైనా సరే. పసలేని కేసులతో కోర్టు కాలం తినేవారికి ఖర్చులు విధించే అధికారం కోర్టుకు ఉండనే ఉంది. సన్నదు దాకా పోనక్కర్లేదు.

మూసిన గదిలో చెప్పే సలహా సంగతి వేరు. 2002లో అమెరికా న్యాయశాఖలో జాన్ యూ పాల్గొని తయారుచేసిన రహస్య మెమోలు ఖైదీల చిత్రహింసకు చట్టం ముసుగు వేశాయి. శాఖలోని వృత్తి ప్రమాణాల విభాగం అది దుష్ప్రవర్తన అని తేల్చింది. 2010లో పై అధికారి దాన్ని 'వివేక లోపం' అని తగ్గించారు. ఈ విషయంలో ఆ విభాగం వైపే మొగ్గాలి. కోర్టులో వకీలు మాటకు రక్షణ ఎందుకిస్తున్నాం? ఎదుట మరో వకీలు, పైన న్యాయమూర్తి, చుట్టూ జనం ఉంటారు కాబట్టి. ఆ ముగ్గురూ లేనిచోట, తన మాటే చివరి మాటై మనుషుల ఒంటి మీద దెబ్బగా పడేచోట, వకీలు ఎదుటి పక్షం బలాన్ని కూడా తానే నిజాయితీగా చెప్పాలి. చెప్పకుండా దాస్తే అది వాదన కాదు, వంచన. భార్గవ కమిషన్ విచారణను తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు పౌరహక్కుల పక్షం ఒప్పుకోకపోవడంలోని న్యాయం కూడా ఇదే.

ప్రమాదం ప్రభుత్వం నుంచి మాత్రమే వస్తుందనుకుంటే పొరపాటు. 2019 నవంబరులో పశువైద్యురాలు 'దిశ' హత్యాచారం తర్వాత షాద్‌నగర్ బార్ అసోసియేషన్ నిందితుల తరఫున ఎవరూ వాదించకూడదని నిర్ణయించింది. ఆ ఘోరానికి రగిలిన కోపం న్యాయమైనదే. కానీ డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఏ వకీలూ వారి మాట విని కోర్టుకు చెప్పే అవకాశం రాలేదు. ఇలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అదీ కోయంబత్తూరులో పోలీసుల తరఫున వాదించకూడదని వకీళ్లు చేసిన తీర్మానం విషయంలో. వకీళ్లతో గొడవపడిన పోలీసులకూ వకీలు దొరకాలన్న సూత్రమే నక్సలైటు అన్న ముద్ర పడినవాడికీ వకీలును ఇస్తుంది. ఒకరి దగ్గర తీసేస్తే రెండోవాడి దగ్గరా నిలవదు.

ఇప్పుడు ఏం చేయాలి?

1961 న్యాయవాదుల చట్టంలోని 35వ సెక్షన్ 'వృత్తిపరమైన లేదా ఇతర దుష్ప్రవర్తన' అంటుందే కానీ ఆ 'ఇతర' ఏమిటో చెప్పదు. 1879లో తెరిచి ఉంచిన తలుపు ఇంకా మూసుకోలేదు. కోర్టు ధిక్కారం కేసులో సుప్రీంకోర్టు తానే సన్నదు రద్దు చేయలేదని 1998లో తేలడం మంచిదైంది. కానీ 2021లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కోర్టుల మీదా, కౌన్సిల్ మీదా విమర్శను దుష్ప్రవర్తన చేసే నియమాలు తెచ్చింది. వ్యతిరేకత రావడంతో పక్కన పెట్టింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన సవరణ ముసాయిదా కూడా వకీళ్ల నిరసనతో వెనక్కి పోయింది. ఇవి ఆగినందుకు సంతోషిస్తే చాలదు. కోర్టులో సదుద్దేశంతో చేసిన చట్టపరమైన వాదన, స్వీకరించిన వకాలతు ఎన్నటికీ దుష్ప్రవర్తన కాదని చట్టంలోనే రాయాలి. తెలిసి చెప్పిన అబద్ధానికి మినహాయింపు లేదని దాని పక్కనే రాయాలి.

పల్నాడుకు ఈ రక్షణ హైదరాబాదు, అమరావతి కంటే ఎక్కువ అవసరం. 2022లో నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. గురజాల, మాచర్ల కోర్టుల్లో వకీలుకూ కక్షిదారుకూ ఊరు ఒకటే, బంధువులు ఒకటే, ఫ్యాక్షన్ కేసుల్లో పార్టీ పేరు కూడా ఒకటే అనుకుంటారు. వకాలతు తీసుకున్న మరుక్షణం 'ఫలానా వాళ్ల వకీలు' అనే ముద్ర పడుతుంది. పెద్ద నగరంలో పేరున్న సీనియర్ తట్టుకోగల ఒత్తిడి చిన్న కోర్టులో కొత్తగా చేరిన జూనియర్ తట్టుకోలేడు. ఈ జిల్లా బార్ సంఘాలు చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఏ నిందితుడికీ వకాలతు నిరాకరించబోమని, వాదించినందుకు ఏ సభ్యుడినీ వెలివేయబోమని ఈ నెల సమావేశంలోనే తీర్మానించుకోవచ్చు. అధికారం ఐదేళ్లకోసారి చేతులు మారే చోట, ఈరోజు ఎదుటివాడి వకీలుకు మనం ఇచ్చే రక్షణే రేపు మన వకీలుకు మిగిలే రక్షణ.